సంతలో చూడటం వేరు, వెంటపడి రాసుకోవడం వేరు

"ఓపెన్‌గా పెట్టిందే కదా, ఎవరైనా చూడొచ్చు" అనే మాట ఈమధ్య చాలామంది నోట వింటున్నాం. పోలీసు అధికారులు అంటున్నారు. కంపెనీల తరఫున వివరాలు కూడబెట్టేవాళ్లు అంటున్నారు. బాధ ఏమిటంటే, చదువుకున్న మన పిల్లలు కూడా అదే మాట అంటున్నారు. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో పెట్టిందంతా దారిన పడి ఉన్న ఇప్పపువ్వు లాంటిదట. ఎవరు ముందు లేస్తే వాళ్లు ఏరుకుపోవచ్చట. ఈ వాదన తప్పు. ఆదివాసీల విషయంలో తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఆ మాట గట్టిగా చెప్పడానికే ఈ వ్యాసం.

ఇలా ఏరుకోవడం ఇప్పుడు ఒక విద్య. దాని పేరు ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్. పొట్టిగా ఓసింట్ అంటారు. ఫోన్లు దొంగతనంగా వినడం, తాళాలు పగలగొట్టి కాగితాలు తీయడం ఇందులో ఉండవు. అందరికీ కనిపించే చోట ఉన్న ముక్కల్ని పోగుచేసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఎవరు ఎక్కడ ఎవరితో ఏం చేస్తున్నారో తేల్చడమే ఈ పని. 1939లో బీబీసీ, 1941లో అమెరికా ప్రభుత్వం విదేశీ రేడియోలు వినడానికి ప్రత్యేక విభాగాలు పెట్టాయి. ఆ రోజుల్లో ప్రభుత్వాలు మాట్లాడుతుంటే ప్రభుత్వాలు విన్నాయి. ఇప్పుడు గూడెం కుర్రాడు మాట్లాడుతుంటే ప్రభుత్వమూ కంపెనీ కూడా వింటున్నాయి. బలం సమానంగా లేని చోట వినడం అనేది ఉత్త వినడం కాదు.

సంత సంగతి తీసుకుందాం. వారం వారం సంతకు పోతాం. అక్కడ మనల్ని అందరూ చూస్తారు. ఎవరితో మాట్లాడామో, ఏం కొన్నామో, ఎవరి దుకాణం ముందు కూర్చున్నామో దాచుకునేదేమీ లేదు. ఎవరూ తప్పు పట్టరు. కానీ ఒక మనిషి నోటుబుక్కు పట్టుకుని మన వెనకే ప్రతి సంతకూ వచ్చాడనుకోండి. పదేళ్లపాటు మనం ఎవరితో కూర్చున్నామో, ఎవరికి అప్పిచ్చామో, ఏ పెళ్లికి పోయామో, ఏ మీటింగులో చప్పట్లు కొట్టామో తేదీలతో రాసుకున్నాడనుకోండి. మనం ఊరుకుంటామా? "సంత అందరిదీ కదా, నేను చూసిందే రాశాను" అని అతను అంటే ఒప్పుకుంటామా? ఊరి పెద్దమనుషుల ముందు నిలబెట్టి, ఎవరి కోసం రాస్తున్నావని అడగమా? చూడటానికీ వెంటపడి రాసుకోవడానికీ తేడా మన తాత ముత్తాతలకు తెలుసు. ఫోన్ చేతికి వచ్చేసరికి మనం మరిచిపోయాం.

ముక్కలు కలిస్తే ఏమవుతుంది?

ఒక డిగ్రీ కుర్రాణ్ణి ఊహించుకుందాం. ఐటీడీఏ హాస్టల్లో ఉంటాడు. భూమి పండగకు ఊరెళ్లి రీల్ పెట్టాడు. వెనక కొండ, చెరువు, బడి గోడ కనబడుతున్నాయి. ఇంకో నెల తర్వాత పోడు పట్టాల కోసం పీఓ ఆఫీసు ముందు జరిగిన ధర్నాలో సెల్ఫీ పెట్టాడు. పక్కన ఆరుగురు, అందరినీ ట్యాగ్ చేశాడు. అక్క పెళ్లి ఫోటోల కింద మేనమామలూ బావలూ వరసలు పెట్టి మరీ కామెంట్లు రాశారు. కొత్త బండి కొన్నాడు, నంబరు ప్లేటుతో సహా ఫోటో పెట్టాడు. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏమీ లేదు. నాలుగూ కలిపితే అతని ఊరు, ఇల్లు ఉన్న దిక్కు, బండి, స్నేహితులు, చుట్టాలు, రాజకీయం అన్నీ ఒక కాగితం మీదికి వచ్చేశాయి. అతన్ని ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తన ఫైలు తానే రాసిచ్చాడు.

చెట్టు నీడ ఎటు పడిందో చూసి ఫోటో ఏ వేళప్పుడు తీశారో చెప్పే విద్య ఇది. కొండ శిఖరాల గీతను ఉపగ్రహ పటాలతో పోల్చి ఊరు కనిపెట్టే విద్య. దుకాణం బోర్డు, కరెంటు స్తంభం, గుడి జెండా, పిల్లల యూనిఫాం రంగు అన్నీ ఆనవాళ్లే. ఫోన్లో తీసిన ఫోటో లోపల సమయం ఉంటుంది. లొకేషన్ ఆన్ చేసి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అవి అవతలివాళ్లకు చేరవు, డాక్యుమెంటుగా పంపితే చేరతాయి. ఈ తేడా ఎంతమందికి తెలుసు? పోస్టు తీసేస్తే పోయిందనుకుంటాం. ఆలోపు స్క్రీన్‌షాట్ తీసినవాడి దగ్గర అది ఎప్పటికీ ఉంటుంది. గ్రూపులో ఉన్న ప్రతివాడికీ మన నంబరు కనబడుతుంది. లింకు నొక్కి చేరే గ్రూపులో ఎవరున్నారో అడ్మిన్‌కే తెలియదు.

మన ప్రాంతాల్లో దీనికి ఇంకో కోణం ఉంది. పట్నంలో ఒక ఫోటోను తప్పుగా చదివితే మాట పడాల్సి వస్తుంది. ఏజెన్సీలో తప్పుగా చదివితే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ ఒకే ఫోటోను ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు. ఒకరికి అందులో సానుభూతిపరుడు కనబడతాడు, ఇంకొకరికి ఇన్‌ఫార్మర్ కనబడతాడు. ఆ రెండు ముద్రల మధ్య నలిగి చనిపోయిన ఆదివాసీలు ఎందరో మనకు తెలుసు. వాళ్లలో చాలామందికి సంజాయిషీ చెప్పుకునే వీలు కూడా దొరకలేదు. కాబట్టి "ఫోటోయే కదా" అనే మాట మనం అనలేం.

పాత రిజిస్టరు, కొత్త స్క్రీను

మనమీద ఫైళ్లు రాయడం ఇవాళ మొదలు కాలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేసింది. ఎరుకల కుటుంబాలు రిజిస్టర్లకెక్కాయి. వేలిముద్రలు తీసుకున్నారు. హాజరు పిలిచారు. ఊరు దాటాలంటే చెప్పి పోవాలన్నారు. ఆ మనుషులు ఏ నేరం చేశారని కాదు, ఏ ఇంట పుట్టారన్నదే లెక్క. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. కానీ ఒక మనిషిని అతని చేతలతో కాకుండా అతని చుట్టాలతో, కులంతో, ఊరితో కొలిచే అలవాటు పోలేదు. సోషల్ మీడియా ఆ అలవాటుకు బంగారు పళ్లెంలో మేత పెట్టింది. ఫ్రెండ్స్ లిస్టు చూసి మనిషిని అంచనా వేయడం ఆ పాత రిజిస్టరు మనవడే.

1922 నుంచి 1924 దాకా మన్యంలో రామరాజు దళం ఎక్కడుందో తెలుసుకోవడానికి బ్రిటిష్ వాళ్లు ఎన్ని తిప్పలు పడ్డారో మన పిల్లలకు పాఠాల్లో చెబుతాం. వేగులను పెట్టారు, డబ్బు ఆశ చూపారు, ఊళ్లను వేధించారు. అప్పుడు సమాచారం రాబట్టడానికి అంత ఖర్చు పెట్టాల్సి వచ్చింది. ఇవాళ ఆ పని మనమే చేసిపెడుతున్నాం, డేటా ప్యాకు డబ్బులు కూడా మనమే కట్టుకుని.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపిన తర్వాతే గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి తోచింది. అలా ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఆదిలాబాద్ అడవులకు వచ్చాడు. తుపాకీ ముందు వచ్చింది, నోటుబుక్కు తర్వాత వచ్చింది. ఆ నోటుబుక్కు వల్ల మేలు జరిగిందని ఒప్పుకోవాలి. బడులు వచ్చాయి, కొందరి భూములకు పట్టాలు వచ్చాయి. మార్లవాయి ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటుంది. ఎందుకు? ఆయన ఆ ఊళ్లో ఇల్లు కట్టుకుని ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు. రాసేవాడెవరో ఊరికి తెలుసు. ఎందుకు రాస్తున్నావని ఎదురుగా అడిగే వీలుంది. నేటి సేకరణలో ఆ ముఖం లేదు. రాసేవాడు హైదరాబాద్‌లో ఉన్నాడో అమెరికాలో ఉన్నాడో తెలియదు. మన గురించి ఏం రాశాడో తెలియదు. తప్పు రాస్తే దిద్దమని ఎవరిని అడగాలో తెలియదు. సమాచారం సేకరించడమే పాపమని నేను అనడం లేదు. ముఖం చూపించకుండా, జవాబు చెప్పకుండా సేకరించడం పాపం అంటున్నాను.

జరిగినవే చెబుతున్నాను

ఇదంతా భయపెట్టడానికి అల్లిన కథ అనుకునేవాళ్లు జార్ఖండ్ వైపు చూడాలి. అక్కడ ముండా గ్రామాలు ఐదో షెడ్యూలు, పెసా చట్టం ఇచ్చిన హక్కులను రాతిపలకల మీద చెక్కించి ఊరి పొలిమేరల్లో నిలబెట్టాయి. అదే పత్థల్‌గడి. 2018 జూలైలో ఖుంటీ పోలీసులు ఇరవై మంది మీద రాజద్రోహం కేసు పెట్టారు. ఆధారం వాళ్ల ఫేస్‌బుక్ పోస్టులు. ఆ ఇరవై మందిలో ఫాదర్ స్టాన్ స్వామి ఒకరు. ఎఫ్ఐఆర్‌లో ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కూడా రాశారు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. మూడేళ్ల కింద చచ్చిన సెక్షన్ ఆదివాసీల మీదికి మాత్రం లేచి వచ్చింది. పత్థల్‌గడి కేసులు ఎత్తేస్తామని 2019 చివర్లో కొత్త ప్రభుత్వం ప్రకటించింది. కానీ అప్పటిదాకా కోర్టుల చుట్టూ తిరిగిన కాళ్ల నొప్పి ఎవరు తీరుస్తారు?

అదే రాష్ట్రంలో జంషెడ్‌పూర్‌కు చెందిన ఒక ఆదివాసీ అధ్యాపకుడు తమ తెగ ఆహార సంప్రదాయం గురించి 2017లో ఫేస్‌బుక్‌లో రాశాడు. 2019 మేలో అరెస్టయ్యాడు. రాసిన రెండేళ్లకు! ఉపాధ్యాయ మిత్రులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. రాసినవాడు మరిచిపోయినా రాసుకున్నవాడు మరిచిపోడు.

సముద్రాల అవతల మన బంధువులకు కూడా ఇదే జరిగింది. 2016లో అమెరికాలోని నార్త్ డకోటాలో స్టాండింగ్ రాక్ సూ తెగవాళ్లు తమ నీళ్ల కోసం డకోటా యాక్సెస్ చమురు పైపులైనును అడ్డుకున్నారు. పైపులైను కంపెనీ టైగర్‌స్వాన్ అనే ప్రైవేటు భద్రతా సంస్థను దింపింది. అమెరికా యుద్ధాల్లో కాంట్రాక్టులు చేసి వచ్చిన సంస్థ అది. అది నీళ్ల కోసం కూర్చున్న తెగ మనుషులను జిహాదీలతో పోల్చి నివేదికలు రాసింది. శిబిరాల్లో మనుషుల్ని చొప్పించింది. పోరాటకారుల సోషల్ మీడియాను రోజూ గాలించింది. 2017లో ది ఇంటర్‌సెప్ట్ పత్రిక ఆ సంస్థ లోపలి కాగితాలు బయటపెట్టేదాకా లోకానికి తెలియలేదు. ఆ పోరాటం నడుస్తున్నప్పుడే, పోలీసులు ఫేస్‌బుక్ చెకిన్‌లు చూసి మనుషుల్ని గుర్తుపడుతున్నారని ఒక ప్రచారం వచ్చింది. వెంటనే పది లక్షల మందికి పైగా తామంతా స్టాండింగ్ రాక్‌లోనే ఉన్నామని ఇళ్లలో కూర్చుని చెకిన్ కొట్టారు. చెకిన్‌లు తాము చూడటం లేదని అక్కడి షెరీఫ్ ఆఫీసు చెప్పింది. ప్రచారం నిజమైనా కాకపోయినా జనంలో ఉన్న అనుమానానికి ఆధారం ఉందని ఏడాది తిరక్కముందే రుజువైంది.

అదే 2016 అక్టోబరులో ఇంకో సంగతి బయటపడింది. ఫేస్‌బుక్, ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ తమ డేటాను జియోఫీడియా అనే కంపెనీకి ఇచ్చాయి. ఆ కంపెనీ దాన్ని పోలీసులకు అమ్మింది. నల్లజాతివాళ్ల నిరసనల మీద నిఘాకు అది పనికొచ్చింది. పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ రచ్చ చేశాకే ఆ తలుపు మూశారు. 2020లో క్లియర్‌వ్యూ అనే కంపెనీ సంగతి తెలిసింది. సోషల్ మీడియా నుంచి 300 కోట్లకు పైగా ముఖాల ఫోటోలు తోడుకుని, ఏ ముఖం ఎవరిదో పోలీసులకు చెప్పే వ్యాపారం దానిది. ఆ ఫోటోల మనుషుల్లో ఎవరినీ అడగలేదు. "ఓపెన్‌గా ఉన్నాయి కదా" అన్నదే వాళ్ల జవాబు కూడా.

మన దేశం వెనకబడి లేదు. ముంబయి పోలీసులు 2013లోనే సోషల్ మీడియా ల్యాబ్ పెట్టారు. 2018లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ప్రతి జిల్లాలోనూ జనం ఏం మాట్లాడుకుంటున్నారో కనిపెట్టే సోషల్ మీడియా హబ్ పెట్టబోయింది. ఇది నిఘా రాజ్యం కట్టడం లాంటిదేనని సుప్రీంకోర్టు మందలించాక ఆ ఏడాది ఆగస్టులో వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకున్నది టెండరును, ఆ కోరికను కాదు.

చట్టం ఎటువైపు?

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చారు. మంచిదే. కానీ 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఏం చెప్పింది? ఎవరైనా తన వివరాలు తానే బహిరంగంగా పెట్టుకుంటే ఆ వివరాలకు ఈ చట్టం వర్తించదంది. అంటే గూడెం కుర్రాడు పెట్టిన రీల్‌కు ఆ చట్టపు గొడుగు లేదు. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే దారి కూడా అందులోనే ఉంది. ఇంకో వింత చూడండి. అదే చట్టం సమాచార హక్కు చట్టానికి సవరణ పెట్టింది. వ్యక్తిగత సమాచారం పేరుతో అధికారుల వివరాలు దాచుకునే వీలు పెంచింది. మనం తెరిచి ఉండాలి, వాళ్లు మూసుకుని ఉండాలి. పారదర్శకత అనే మాటను ఇంతకంటే తలకిందులు చేయలేం.

"తప్పు చేయనివాడికి భయమెందుకు?" అని అడుగుతారు. తప్పు అంటే ఏమిటో ఎవరు నిర్ణయిస్తారో చెప్పండి, అప్పుడు జవాబిస్తాం. తాత దున్నిన భూమిని తండ్రి దున్నితే ఆక్రమణ అన్నారు. అడవిలో పుట్టినవాడు కట్టెలు తెస్తే దొంగతనం అన్నారు. 2006లో అటవీ హక్కుల చట్టం చేస్తూ, ఆదివాసీలకు చారిత్రక అన్యాయం జరిగిందని పార్లమెంటే ఆ చట్టం పీఠికలో రాసుకుంది. నిన్న తప్పు అన్నది ఇవాళ హక్కు అయింది. ఇవాళ హక్కు అన్నది రేపు మళ్లీ తప్పు కావచ్చు. అప్పుడు పాత పోస్టులన్నీ సాక్ష్యాలవుతాయి. అందుకే భయం. ఇది పిరికితనం కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త.

ఫోన్ పారేస్తే సరిపోతుందా?

ఈ మాటలు విని కొందరు పెద్దలు, కొందరు మాస్టార్లు వెంటనే "అందుకే ఫోన్లు పారెయ్యమంటున్నాం" అంటారు. వాళ్లతోనూ నాకు తగాదా ఉంది. కత్తి ఎదుటివాడి చేతిలో ఉన్నంతకాలం అది మనకు కత్తే. మన చేతిలోకి వస్తే పనిముట్టు.

2018లో కామెరూన్ దేశంలో సైనికులు ఇద్దరు ఆడవాళ్లను, ఇద్దరు పిల్లలను కాల్చి చంపిన వీడియో బయటికి వచ్చింది. ప్రభుత్వం అబద్ధపు వీడియో అంది. బీబీసీ ఆఫ్రికా ఐ బృందం, దానితో కలిసి పనిచేసిన పరిశోధకులు ఆ వీడియోలో వెనక కనిపించిన కొండల వరసను ఉపగ్రహ పటాలతో పోల్చారు. అది జెలెవెట్ అనే ఊరి దగ్గర అని తేల్చారు. నడుస్తున్న సైనికుడి నీడను ఎండ గడియారంలా వాడి 2015 మార్చి చివర, ఏప్రిల్ మొదట జరిగిందని తేల్చారు. 2020లో సైనిక కోర్టు నలుగురికి పదేళ్ల శిక్ష వేసింది. ఒక కొండ సాక్ష్యం చెప్పింది. కొండను మనకంటే బాగా గుర్తుపట్టేవాళ్లు ఎవరున్నారు? ఏ వాగు ఏ మలుపు తిరుగుతుందో, ఏ గుట్ట మీద ఏ చెట్టు ఉందో మన ముసలివాళ్లు కళ్లు మూసుకుని చెబుతారు. ఇదే విద్యతో 2014 జూలై 17న ఉక్రెయిన్ మీద కూలిన మలేసియా విమానం గుట్టు విప్పడంలో బెల్లింగ్‌క్యాట్ అనే చిన్న బృందం పెద్ద పాత్ర పోషించింది. 298 మంది చనిపోయిన ఆ ఘటనలో క్షిపణి బండి ఏ దారిన వచ్చిందో జనం పెట్టిన ఫోటోలు, వీడియోలతోనే గుర్తించారు. 2022లో నెదర్లాండ్స్ కోర్టు ముగ్గురిని దోషులుగా తేల్చింది.

మన పనికి వద్దాం. అటవీ హక్కుల చట్టం కింద సాగు భూమి కావాలంటే 2005 డిసెంబరు 13కు ముందు నుంచి మన అధీనంలో ఉందని చూపాలి. అటవీ శాఖవాళ్లు ఉపగ్రహ చిత్రం చూపించి "ఇక్కడ అడవే ఉంది, సాగు లేదు" అంటే చాలాచోట్ల మనవాళ్లు నోరు మూసుకుని వస్తున్నారు. ఎందుకు మూసుకోవాలి? ల్యాండ్‌శాట్ ఉపగ్రహం 1972 నుంచి భూమిని ఫోటోలు తీస్తోంది. 2008 నుంచి అవి ఎవరికైనా ఉచితం. 2015 నుంచి సెంటినెల్ చిత్రాలూ ఉచితంగా దొరుకుతున్నాయి. 2005 నాటి చిత్రం తీసి మన కమతం ఎక్కడుందో మనమే చూపవచ్చు. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క 30 మీటర్ల చతురస్రం. కాబట్టి చెట్ల మధ్య చిన్న పోడు ముక్క అందులో కనబడకపోవచ్చు. కనబడనంత మాత్రాన సాగు లేనట్టు కాదు. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012లో సవరించిన నిబంధనలే చెబుతున్నాయి. పెద్దల వాంగ్మూలం, సమాధులు, పాత బావి, దేవర గుడి కూడా సాక్ష్యాలే. గుజరాత్‌లో ఆదివాసీలు ఒక స్వచ్ఛంద సంస్థ తోడుతో ఇదే ఉపగ్రహ చిత్రాలు, జీపీఎస్ కొలతలు తమ క్లెయిముల కోసం వాడుకున్నారు. మన డిగ్రీ పిల్లలు రీల్స్‌కు పెట్టే గంటల్లో వారానికి రెండు గంటలు దీనికి పెడితే చాలు. గ్రామసభ తిరస్కరించని క్లెయిమును పైవాళ్లు ఎలా తిరస్కరించారో అడిగే బలం వస్తుంది.

2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు చెంచుల గొంతు సోషల్ మీడియాలోనే రాష్ట్రమంతా మారుమోగింది. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. నోరు మూసుకుంటే ఆ తీర్మానం వచ్చేది కాదు. కాబట్టి నేను మౌనంగా ఉండమనడం లేదు. ఏది చాటాలో, ఏది దాచాలో మనమే తేల్చుకుందాం అంటున్నాను.

మాస్టార్లకు ఒక మాట

ఆశ్రమ పాఠశాలల్లో రోజూ ఎన్ని ఫోటోలు తీస్తున్నామో లెక్క వేయండి. ప్రార్థన ఫోటో, భోజనం ఫోటో, పరీక్ష ఫోటో, అధికారి వస్తే ఫోటో. పైనుంచి ఆర్డరు, పంపాల్సిందే. అది సరే. కానీ జీపీఎస్ మ్యాప్ కెమెరాతో తీసి, అక్షాంశం, రేఖాంశం, ఊరు, మండలం, సమయం అన్నీ ముద్రపడిన ఫోటోను అదే చేత్తో సొంత స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో ఎందుకు పెడుతున్నాం? అందులో పన్నెండేళ్ల ఆడపిల్లల ముఖాలున్నాయి. ఏ బడి, ఏ ఊరు, ఏ వేళకు ఎక్కడుంటారో రాసి ఉంది. ప్రైజు వస్తే పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు కూడా రాస్తున్నాం. ఉద్యోగం ఇప్పిస్తామని, పెళ్లి చేసుకుంటామని మన పిల్లల్ని మోసగించేవాళ్లకు ఇంతకంటే సులువైన పుస్తకం ఇంకోటి ఉందా? పట్నంలో పెద్ద బడులు తల్లిదండ్రుల సంతకం తీసుకుని ఫోటో వేస్తాయి. మన పిల్లల తల్లిదండ్రులు అడగరు కాబట్టి మనం అడగం. ఇది మర్యాద కాదు.

పాఠం చెప్పేవాళ్లు ఇంకో పని చేయాలి. ఓసింట్‌ను పాఠంగా చెప్పాలి. తరగతిలో ఒక ఊరి ఫోటో చూపించి, ఇది ఎక్కడిదో, ఏ పూట తీశారో ఆనవాళ్లతో చెప్పమని అడగండి. పిల్లలు ఆటలా చేస్తారు. ఆట అయ్యాక మీ ఫోటో చూసి ఇంకొకరు మిమ్మల్ని ఇలాగే కనిపెట్టగలరు అని చెప్పండి. నీతి వేరే చెప్పక్కర్లేదు.

గ్రామసభ తేల్చాలి

మన దగ్గర ఉన్న ఆయుధం గ్రామసభ. సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఊరి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని 1996 పెసా చట్టం చెబుతోంది. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు ఒక్కొక్కటిగా కూర్చుని బాక్సైట్ తవ్వకాలు వద్దన్నాయి. కొండ నిలిచింది. కొండను నిలిపిన సభ ఒక వీడియో సంగతి తేల్చలేదా? దేవర పూజలో ఏ ఘట్టం చిత్రీకరించకూడదు, ఏ మందు చెట్టు ఎక్కడుందో బయట చెప్పకూడదు, ఏ గుహ దారి చూపకూడదు అన్నవి సభలో మాట్లాడి తీర్మానం రాయాలి. వంజంగి మేఘాల కొండకు రీల్స్ ఎంత జనాన్ని తెచ్చాయో, వాళ్లు ఎంత ప్లాస్టిక్ వదిలి పోయారో పాడేరు వైపువాళ్లను అడగండి. తెచ్చింది ఎవరో, మిగుల్చుకున్నది ఎవరో వాళ్లు చెబుతారు.

యువకులకు చెప్పేవి కొన్నే. ధర్నా చాటండి, ముఖాలు చాటకండి. ఎదుటివాడు ఒప్పుకోకుండా ట్యాగ్ చేయకండి. ఫ్రెండ్స్ లిస్టు దాచండి. ఇవాళ్టి ప్రయాణం రేపు తిరిగి వచ్చాక పెట్టండి. ఊరి గ్రూపు లింకు బయట తిప్పకండి. సభ్యుడు పెట్టిన ప్రతి మాటకూ అడ్మిన్‌ను దోషి చేయలేరని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి. కాబట్టి అడ్మిన్‌గా ఉన్నందుకే భయపడకండి, కానీ గ్రూపులో ఎవరున్నారో తెలుసుకోండి. ఎవరైనా స్క్రీన్‌షాట్ చూపించి బెదిరిస్తే, దానికి చట్టప్రకారం ఉండాల్సిన సర్టిఫికెట్ ఏదని అడగండి. అది లేని ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో నిలవదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ఆ షరతు కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది.

ప్రభుత్వాన్ని అడిగేవి కూడా ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఒక మనిషి సోషల్ మీడియా మీద ఫైలు తెరవాలంటే రాతపూర్వక ఆర్డరు ఉండాలి, కారణం ఉండాలి, గడువు ఉండాలి. గడువు తీరాక ఫైలు చెరిపేయాలి. హక్కుల కోసం శాంతంగా ధర్నాకు పోవడం ఎప్పటికీ కారణం కాకూడదు. తప్పుగా రాస్తే దిద్దించుకునే దారి చూపాలి. హైమండార్ఫ్‌ను మార్లవాయి అడగగలిగిన ప్రశ్నను ఈ స్క్రీన్ల వెనక ఉన్నవాళ్లను కూడా మనం అడగగలగాలి: ఎవరు నువ్వు, ఎవరి కోసం రాస్తున్నావు, ఏం రాశావో చదివి వినిపించు.

ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా "ఓపెన్‌గా ఉంది కదా" అనే మాటను మన సభల్లో, మన బడుల్లో చెల్లనివ్వకూడదు. మన ఇంటికి తలుపు లేకపోవచ్చు. తలుపు లేని ఇంట్లోకి కూడా పిలవకుండా ఎవరూ రారు. అది మన గూడెంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన మర్యాద. ఆ మర్యాదను రాజ్యానికీ కంపెనీలకూ నేర్పాల్సిన వంతు మనకు వచ్చింది.